చదివేవాళ్లని ఆపకుండా అప్‌లోడ్లు మాత్రం ఆపేదెలా?

ప్రశ్న: బెంగళూరు యలహంకలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నానండి. మా థీసిస్‌లన్నీ డీస్పేస్ 7.6లో, అంటే డిజిటల్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఈ శని, ఆదివారాల్లో కొత్త సర్వర్‌కి మారుస్తున్నాం. ఆ రెండ్రోజులూ ఎవరూ కొత్తగా ఏదీ ఎక్కించకూడదు, కానీ చదువుకునేవాళ్లకి అడ్డం రాకూడదు. మా ఐటీ వాళ్లేమో సర్వర్ ఆపేద్దాం అంటున్నారు. వేరే దారి లేదా?

జవాబు: ఉందండీ, ఆపేయొద్దు. శని ఆదివారాలే కదా పిల్లలు కూర్చుని చదువుకునేది.

బ్రౌజర్ సర్వర్‌కి పంపే అభ్యర్థనల్ని రిక్వెస్టులంటారు, వాటిలో రకాలుంటాయి. డీస్పేస్ 7లో చదవడం, వెతకడం అంతా గెట్ రిక్వెస్టులతోనే జరుగుతుంది, ఎక్కించడం, మార్చడం, చెరపడం మాత్రం పోస్ట్, పుట్, ప్యాచ్, డిలీట్‌లతో. మీ డీస్పేస్ ముందు ఎంజినెక్స్ (వచ్చే రిక్వెస్టుల్ని అందుకుని లోపలికి పంపే ప్రోగ్రామ్) ఉంటే అందులో /server పాత్‌కి గెట్, హెడ్, ఆప్షన్స్ తప్ప మిగతావన్నీ తిప్పి పంపేయమని మీ ఐటీ వాళ్లకి చెప్పండి, లిమిట్ ఎక్సెప్ట్ అంటే వాళ్లకి తెలుస్తుంది, ముందే లాగిన్ అయి ఉన్నవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. డీస్పేస్ డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌నే రీడ్ ఓన్లీ చేద్దామని కొందరంటారు గానీ నేనైతే వద్దంటాను, లాగిన్ అయ్యేటప్పుడు కూడా డీస్పేస్ డేటాబేస్‌లో ఏదో ఒకటి రాస్తుంది, ఎర్రర్లు చూసి జనం కంగారుపడతారు.

లాగిన్ కూడా పోస్టే కాబట్టి లాగిన్ అయితేనే తెరుచుకునే థీసిస్‌లు ఆ రెండ్రోజులూ దొరకవు. వ్యూ కౌంట్లు కూడా లెక్కకి రావు. ఈ రెండూ గురువారమే చెప్పేయండి, అడ్మిన్ మెనూలో సిస్టమ్ వైడ్ అలర్ట్ ఉంది, పేజీ పైన పట్టీలా కనిపిస్తుంది, కౌంట్‌డౌన్ కూడా పెట్టుకోవచ్చు. సగంలో ఉన్న సబ్మిషన్లు సేవ్ చేసుకోమనండి, సేవ్ చేసినవి డేటాబేస్‌తో పాటే కొత్త సర్వర్‌కి వచ్చేస్తాయి.

ఇలా అప్‌లోడ్లకి తలుపు మూశాకే డేటాబేస్ డంప్ (మొత్తం నకలు) తీయండి, ఆ తర్వాతే అసెట్‌స్టోర్, అంటే పీడీఎఫ్‌లుండే ఫోల్డర్ కాపీ చేయండి. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే కొన్నేళ్ల కింద ఇక్కడే ఒక కాలేజీకి నేను సాయంత్రం డంప్ తీసి, అప్‌లోడ్లు ఆపకుండానే రాత్రంతా ఫైళ్లు కాపీ చేశాను. ఆ రాత్రి పదకొండింటికి ఒకమ్మాయి థీసిస్ ఎక్కించింది, హ్యాండిల్ లింక్ (ఆ థీసిస్‌కి శాశ్వత చిరునామా) కూడా వచ్చింది, గైడ్‌కి పంపేసింది. సోమవారం కొత్త సర్వర్‌లో ఆ లింక్ నొక్కితే ఏమీ లేదు. పీడీఎఫ్ మాత్రం అసెట్‌స్టోర్‌లో పొడుగాటి అంకెల పేరుతో ఎవరిదో తెలీకుండా పడి ఉంది. ఆ అమ్మాయి లైబ్రరీ మెట్ల మీద ఫోన్ పట్టుకుని నిలబడింది ఇప్పటికీ నాకు గుర్తే.

రాత్రిపూట వాటంతటవే నడిచే జాబ్‌లు, కమాండ్ లైన్ ఇంపోర్టులు ఎంజినెక్స్ దగ్గరికి రావు, అవి క్రాన్‌లో (టైముకి పనులు నడిపే ప్రోగ్రామ్‌లో) పెట్టినవైనా, చేత్తో నడిపేవైనా విడిగా ఆపాలి. కొత్త సర్వర్ లేచాక రెండు చోట్లా ఐటెమ్‌ల లెక్క సరిపోయిందా చూసి, అన్నిటికంటే చివర ఎక్కించిన థీసిస్ పీడీఎఫ్ తెరిచి చివరి పేజీ దాకా వెళ్లండి. తెరుచుకుంటే డీఎన్ఎస్ మార్చేయండి, అంటే మీ సైట్ పేరు కొత్త సర్వర్‌కి వెళ్లేలా చేయండి, పాత సర్వర్‌ని మాత్రం ఇంకో వారం అలాగే అప్‌లోడ్లు మూసి ఉంచండి.