గోపాల్‌పూర్‌లో రెండు రోజులు: ఏది ఏ వేళకి చూడాలి

విశాఖ నుంచి ఇద్దరు పిల్లలతో, అరవై దాటిన అమ్మానాన్నలతో జనవరిలో రెండు రోజులకి ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ వస్తున్నామని, బీచి తప్ప అక్కడ ఇంకేముందని అడిగారు. చాలానే ఉందండి. కానీ వేళ తప్పితే ఏదీ సరిగ్గా కనపడదు. అందుకే వేళల లెక్కనే చెప్తాను.

ముందు టికెట్ సంగతి. మీరు రైలు దిగాల్సింది బరంపురంలో. రైల్వేవాళ్ళకి అది బ్రహ్మపూర్, స్టేషన్ కోడ్ బి.ఎ.ఎం. పశ్చిమ బెంగాల్లో కూడా ఇంచుమించు ఇదే పేరుతో ఊరుంది. మ్యాపులో, హోటల్ బుకింగ్‌లో గంజాం జిల్లా అని ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. విశాఖ నుంచి ఎక్స్‌ప్రెస్‌కి నాలుగు గంటలు అటూ ఇటూ. స్టేషన్ నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. సామానుతో సహా ఇంత అని ఆటో ఎక్కకముందే మాట్లాడుకోండి. ఒడియా రాదని బెంగ పెట్టుకోకండి. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, బజార్లో చాలామంది తెలుగులోనే జవాబిస్తారు.

ఇక సముద్రం. గోపాల్‌పూర్ ఒడ్డు లోతుగా దిగిపోతుంది. మోకాలి లోతులో నిలబడ్డ మనిషి ఇంకో రెండడుగులు వేస్తే నడుం దాటుతుంది. అల ఒడ్డు మీదే విరిగి, వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసకని తోడేస్తుంది. అన్నిటికన్నా మోసం చేసేది, రెండు పక్కలా తెల్లగా నురగ కడుతుంటే మధ్యలో అల విరగకుండా నిదానంగా కనిపించే పాయ. అక్కడ నీళ్ళు కాస్త మట్టి రంగులో ఉంటాయి. ప్రశాంతంగా ఉందని పిల్లల్ని అక్కడే దింపుతారు. లోపలికి లాక్కుపోయేది అదే. ఎవరైనా అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు, బలం అయిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, అలలు విరిగే చోటికొచ్చాక బయటికి రావాలి. పిల్లల్ని చీలమండ దాటనివ్వకండి, చెయ్యి వదలకండి.

నీళ్ళలో దిగకపోయినా తెల్లవారుజామున ఒడ్డు మీద ఉండాల్సిందే. ఒడ్డు తూర్పు, ఆగ్నేయాల వైపు తిరిగుంది కాబట్టి సూర్యుడు నేరుగా నీళ్ళలోంచే లేస్తాడు. జనవరిలో ఆరుంపావు దాటాక. ఆరింటికల్లా చేరండి, ఎందుకంటే అసలు సందడి బోట్లు తిరిగొచ్చేటప్పుడే. ఇక్కడి నోళియాలు తరతరాలుగా తెలుగు మాట్లాడే మత్స్యకారులు, బోటు ఒడ్డుకి లాగేటప్పుడు వేసే కేకలు మీకు అర్థమవుతాయి. అలివి వల లాగుతుంటే కాసేపు ఆగి చూడండి. రెండు జట్లు చెరో తాడూ పట్టి, దూరంగా మొదలెట్టి ఒకరి వైపు ఒకరు జరుగుతూ వస్తారు. సంచి ఒడ్డుకి చేరేసరికి గంట పైనే పడుతుంది. వల బయటికొచ్చాక కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతల్లాంటి చేపల్ని వేరుచేస్తారు. చేప కొనాలంటే అక్కడే కొనండి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. అన్నట్టు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో వచ్చేవాళ్ళకి ఈ సందడి బాగా తక్కువగా ఉంటుంది.

లైట్‌హౌస్ సాయంత్రం కాసేపే తెరుస్తారు. మెట్లెక్కాలి కాబట్టి పెద్దవాళ్ళని కిందే కూర్చోబెట్టండి.

మొదటి రోజు పొద్దున టిఫిన్ కాగానే రంభ వెళ్ళండి, చిలికా సరస్సు ఒడ్డున ఊరు, సుమారు 50 కిలోమీటర్లు. బోటు తొమ్మిది, పదింటికల్లా ఎక్కాలి. మధ్యాహ్నానికి గాలి లేచి సరస్సులో కెరటాలు కొడతాయి, పెద్దవాళ్ళకి తల తిరుగుతుంది. బ్రేక్‌ఫాస్ట్ ఐలండ్ దాకా వెళ్ళొస్తే చాలు. లైఫ్ జాకెట్ పిల్లల సైజువి ఉన్నాయో లేదో ఎక్కకముందే అడగండి. డాల్ఫిన్లు చూపిస్తామని ఎవరైనా రంభలో అంటే నమ్మకండి. అవి ప్రధానంగా సాతపడా వైపు, సముద్ర ముఖద్వారం దగ్గర కనిపిస్తాయి. అది పూరీ వైపున ఉంది, ఒకే రోజులో రెండూ కలపలేరు.

రెండో రోజు తారాతారిణి. బరంపురానికి 30 కిలోమీటర్ల పైచిలుకు, ఋషికుల్య నది ఒడ్డున కొండ మీద గుడి. మెట్లు 999. అమ్మానాన్నలున్నారు కాబట్టి రోప్‌వే గానీ పైదాకా రోడ్డు గానీ చూసుకోండి. చైత్ర మంగళవారాలు మాత్రం వద్దు, జాతర రద్దీ. అక్కడికి దగ్గర్లోనే జౌగడ ఉంది, అశోకుడి శాసనాలు చెక్కిన బండ. కళింగ యుద్ధం గురించి వేరే చోట్ల ఉన్న 13వ శాసనం ఇక్కడ వేయించలేదు. ఓడిపోయిన జనం మధ్యలో ఆ మాటలు చెక్కించకుండా, మనుషులంతా నా బిడ్డలే అంటూ సమాపా (అప్పట్లో ఇక్కడి పట్టణం పేరు) అధికారులకి చెప్పిన శాసనాలు పెట్టాడు. ఇది పిల్లలకి దారిలోనే చెప్పి తీసుకెళ్ళండి. లేకపోతే వాళ్ళకి అదొక గీతల బండే.

ఫిబ్రవరి చివర, మార్చిలో రాగలిగితే జనవరి మానుకోమంటాను. గంజాం ఊరి దగ్గర, ఋషికుల్య సముద్రంలో కలిసే మొగ పక్కన, పొదంపేట, గోఖర్‌కుదా, పురుణాబంధ ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. తల్లి తాబేలు వెనక కాళ్ళతోనే మూరెడు లోతు గొయ్యి తవ్వుతుంది. ఒక కాలు ఇసకని దోసెడు పైకి తీస్తే, రెండోది అంచున పడ్డదాన్ని దూరంగా చిమ్ముతుంది, మళ్ళీ ఇది, మళ్ళీ అది. వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ దాన్ని అదుముతుంది. ప్రతి ఏడూ గుంపు రాదు, కాబట్టి అటవీశాఖ వాళ్ళని అడిగి, వాళ్ళు పొమ్మన్నచోటికే వెళ్ళండి. టార్చి, ఫోన్ ఫ్లాష్ ఆర్పేయండి. వెలుతురు పడితే గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోతుంది. దాదాపు యాభై రోజులకి పిల్లలు బయటికొచ్చి సముద్రం మీది వెలుగు చూసి నడుస్తాయి. ఊరి లైట్లు కనిపిస్తే అటు తిరిగి దారి తప్పుతాయి.

తిరుగు రైలుకి ముందు బరంపురంలో రెండు గంటలు ఉంచుకోండి. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు ఉంది. అంచులో గుడి శిఖరాల వరసలా ఉండేదాన్ని ఫొడా కుంభ అంటారు. మగవాళ్ళు కట్టుకునే పట్టుబట్ట, జోడా అంటారు, అదీ దొరుకుతుంది. కొనే ముందు పల్లూ చివర్నించి ఒక పోగు తీయించి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడవుతుంది, కల్తీ దారం గట్టి పూసలా ముద్ద కడుతుంది. అప్పడాలు కొంటే విడివి కాదు, సీలు వేసినవే తీసుకోండి. సముద్రపు గాలికి మెత్తబడతాయి, ఇంటికెళ్ళాక అరగంట ఎండలో పెట్టి వేయించండి.