ఇంజను మార్చాక బోటుకు పికప్ ఎందుకు రావడం లేదు?

పాత 25 హెచ్‌పీ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజను) తీసేసి అంతే హెచ్‌పీ ఉన్న వాడిన ఫోర్-స్ట్రోక్ ఇంజను బిగించారనీ, ఒడ్డున గొట్టంతో నీళ్లు పెట్టి తిప్పితే చక్కగా నడుస్తున్నా వల, ఐసు, మనుషులు ఎక్కాక బోటు ముందుకు లాగడం లేదనీ, కార్బురేటర్ శుభ్రం చేయించి ప్లగ్గులు మార్చినా ఫలితం లేదనీ మీరు రాశారు. కాకినాడ తీరంలో మా ఫైబర్ బోటుకు ఇంజను మార్చినప్పుడు ఇదే ఇబ్బంది వచ్చింది కాబట్టి, మేము వెతికిన తీరు మీకు పనికొస్తుందని నమ్ముతున్నాను.

ఒడ్డున బాగా తిరుగుతోంది కదా అని ఇంజను మీద భరోసా పెట్టుకోకండి, లోడు లేనప్పుడు ఒక సిలిండరు సరిగ్గా పనిచేయని ఇంజను కూడా ఒక మోస్తరుగా తిరిగేస్తుంది. రోజూ మోసే బరువుతోనే నీటిలోకి వెళ్లి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఆర్‌పీఎం, అంటే ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు, ఎంత వస్తోందో చూడండి. ప్లగ్గు వైరుకు చుట్టుకునే చిన్న డిజిటల్ మీటరు ఇందుకు చాలు. ఈ తరగతి ఫోర్-స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి పూర్తి థ్రాటిల్‌లో 5000 నుంచి 6000 ఆర్‌పీఎం రావాలి. మీ ఇంజనుకు ఎంత ఉండాలో దాని మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకె చూడకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే డబ్బు నీళ్లపాలే.

ఆర్‌పీఎం పెరుగుతున్నా వేగం రాకపోతే, ఇంజను ఇస్తున్న శక్తి నీటికి అందడం లేదని అర్థం. ప్రొపెల్లర్ నడిమధ్య ఉండే రబ్బరు బుష్ పాతబడితే, నెమ్మదిగా వెళ్లేటప్పుడు పట్టి ఉంచి, థ్రాటిల్ తెరవగానే జారిపోతుంది. లోపలి ఇత్తడి గొట్టం అంచు నుంచి రెక్కలు అతికి ఉండే బయటి హబ్ మీదికి పెయింటుతో ఒకే గీత గీసి, బోటును బరువుతో నడిపి వచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే బుష్ పోయినట్టే. ఇంజను ఎత్తు కూడా కొలవండి. షాఫ్టులు సాధారణంగా 15 అంగుళాలవీ, 20 అంగుళాలవీ ఉంటాయి, పాత ఇంజనుకు సరిపోయిన వెనక పలక కొత్తదానికి సరిపోవాలని లేదు. ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డ రెక్క దాదాపు బోటు అడుగుతో సమానంగా ఉండాలి. అది మరీ పైకి ఉంటే మలుపుల్లో ప్రొపెల్లర్ గాలిని పీల్చుకుని ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది.

ఆర్‌పీఎం అసలు పెరగకపోతే, ముందుగా ఇంజను ఆపి, మూత తీసి, ఒకరు థ్రాటిల్‌ను చివరిదాకా తిప్పుతుండగా మరొకరు కార్బురేటర్ పలక పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. పాత కేబుల్‌నే కొత్త ఇంజనుకు తగిలించినప్పుడు అది సగంలో ఆగిపోవడం చాలా మామూలు. ఆ తరువాత ప్రొపెల్లర్ సంగతి చూడాలి. మాకు ఇంజను బిగించిన మెకానిక్, హెచ్‌పీ ఒకటేనన్న ధీమాతో పాత ఇంజను ప్రొపెల్లర్‌నే దీనికి ఎక్కించాడు. కానీ గేరు నిష్పత్తి (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజను ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) వేరైతే హెచ్‌పీ ఒకటే అయినా ప్రొపెల్లర్ లెక్క మారిపోతుంది. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు వెళ్లాల్సిన దూరం, అంగుళాల్లో. మా ప్రొపెల్లర్ మీద పిచ్ 13 అని ముద్ర ఉంది, బరువుతో వెళితే ఇంజను 4800 దగ్గరే మూలుగుతూ ఉండిపోయేది. పిచ్‌లో ఒక్క అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది కాబట్టి 11 పిచ్ వేశాము, అంకె 5100 దాటింది, బోటు ముందుకు దూకింది. ఖాళీ బోటుతో కూడా పరీక్షించి 6000 మించడం లేదని నిర్ధారించుకున్నాకే దాన్ని ఉంచాము. మీ సమస్య కూడా ఇదే అయ్యుంటుందని నా అభిప్రాయం.

అలా కాకపోతే ఇంధనం వైపు చూడండి. పికప్ ఆగిపోయిన క్షణంలో ట్యాంకు గొట్టం మీది రబ్బరు బల్బును పిసికి చూడండి. పిసకగానే ఇంజను పుంజుకుంటే పంపు బలహీనపడి ఉండవచ్చు, లేదా ఏదో జాయింటు గాలి పీలుస్తూ ఉండవచ్చు. బల్బు తనంతట తానే లోపలికి నొక్కుకుపోతుంటే ట్యాంకు మూత మీది గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం వరకూ ఉంటోంది, సముద్రపు తేమకు అది నీటిని లాగి ట్యాంకు అడుగున పేరుకునేలా చేస్తుంది కనుక, నీటిని వేరు చేసే ఫిల్టరు లేకుండా బోటు నడపడం మంచిది కాదు. ఇవన్నీ బాగుంటేనే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్షకు వెళ్లండి.

ఇంకొకటి, ఫోర్-స్ట్రోక్ ఇంజను బరువెక్కువ, దానివల్ల వెనక భాగం నీటిలోకి దిగి ముక్కు పైకి లేస్తుంది. ఐసు పెట్టెలను, పెట్రోలు క్యాన్లను ముందుకు జరపడం ఖర్చు లేని పని కాబట్టి దాన్ని ఈరోజే చేసి చూడవచ్చు. ప్రొపెల్లర్ మీది ముద్ర, బరువుతో వచ్చిన ఆర్‌పీఎం, ఇంజను మాన్యువల్‌లోని అంకె రాస్తే, ఏ పిచ్ కొనాలో లెక్క వేసి చెబుతాను.