కోనసీమ వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

86 గోదావరి వరదలో మీ మామ్మ ఆవుని తోలుకుని ఏటి మధ్య లంక నుంచి ఏటిగట్టు ఎక్కిందనీ, నీరు తీసేదాకా అక్కడే ఉందనీ ఒక్క వాక్యం రాశావు. అక్కడ నా చూపు ఆగిపోయింది. నువ్వు మాత్రం ఆగకుండా అంతర్వేది తీర్థానికీ, అయినవిల్లికీ, అప్పనపల్లికీ, దిండి హౌస్‌బోట్లకీ పరుగెత్తావు. నిజంగా కోపం వచ్చింది.

ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఆ అంకె కాగితాల్లో దొరుకుతుంది. గట్టు మీద ఆవుకి మేత ఎక్కడిది, వానలో పొయ్యి ఎలా వెలిగింది, ఆడవాళ్లు చాటుకి ఎటు వెళ్లారు? ఇవి మీ మామ్మే చెప్పాలి.

గోదావరి పాయల మధ్య సీమ గురించి రాసేవాళ్లు ముందు నీటి సంగతి రాయాలి. ఎటు నుంచి వస్తుంది, కాలవలు ఎప్పుడు మూసేస్తారు, శివారు పొలానికి చేరుతుందా లేదా. గుళ్లు కూడా ఆ తర్వాతే. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడని రాశావు, సరే. పి.గన్నవరం పాత అక్విడెక్టుని ఎలా వదిలేశావు? కింద గోదావరి పాయ వైనతేయ పారుతుంటే, పైన 49 ఖానాల (కమానుల) మీదుగా కాలవ ఏరు దాటి నగరం లంకకి వెళ్లేది. మామిడికుదురు వైపు వరి పండిందంటే దాని చలవే. అలాంటి సీమలో 2011 ఖరీఫ్‌లో రైతులు పొలాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు. మురుగు దిగదు, పెట్టుబడి తిరిగి రాదు. ఆనకట్ట నుంచి ఆ విరామం దాకా ఎలా వచ్చామో రాయి, అదీ చరిత్ర.

ఎడిటర్లు అడ్డం పడతారు. 1996 నవంబర్ 6 తుపాను తర్వాత కొబ్బరి దింపు కార్మికుల మీద ఒక వారపత్రికకి రాశాను. చెట్లే పడిపోయాక చెట్టెక్కేవాడు ఏం తినాలి అన్నదే వ్యాసం. "కోనసీమ అంటే పచ్చగా ఉండాలండీ" అని తిప్పి పంపారు. ఆ పారితోషికంతో అద్దె కట్టాల్సిన నెల అది. తర్వాతి సంచికలో రెండు పేజీల కొబ్బరితోటల రంగు ఫొటో వేశారు. ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇప్పుడు రీల్స్ చూసి రాసే వ్యాసాలూ ఆ ఫొటో లాంటివే.

జగ్గన్నతోట ప్రభల భాగం బాగుంది. కనుమ నాడు వెదురుతో కట్టి అలంకరించిన ప్రభని భుజాన ఎత్తుకుని కౌశిక ఏరు దాటించేవాళ్లు కళ్లకి కట్టారు. ప్రభలు పచ్చని చేను తొక్కుకుంటూ పోయినా రైతు ఏమీ అనడని రాశావే, ఆ రైతుల్లో ఒక్కరినైనా పలకరించావా?

కలం పేరు, పుస్తకం అచ్చు... అవన్నీ తర్వాత. ముందు ఊరెళ్లి మీ మామ్మ దగ్గర కూర్చో. ఎవరి పడవ ఎక్కింది, తిరిగెళ్లేసరికి ఇంట్లో ఏం మిగిలింది, ఆ ఏడు కౌలు ఎవరు కట్టారు, అన్నీ అడుగు. ఫోన్లో రికార్డు చేసుకో. ఆవిడ యాస సరిదిద్దకు. పండగ దాకా ఆగొద్దు, పెద్దావిడ. దిండి పేజీలు తీసేసి మళ్లీ పంపు.