రంగునీళ్ల బ్యాటరీ జోలికెళ్లేముందు

అమ్మలూ,

రెండు ట్యాంకుల్లో రంగునీళ్లు పోసి, పంపులతో తిప్పుతూ వాటిలో కరెంటు దాచే బ్యాటరీల మీద పీహెచ్‌డీకి సీటొచ్చిందటగా, మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది గానీ 2014లో హార్వర్డ్ వాళ్లు చేసిన క్వినోన్ (రంగుల జాతి రసాయనం) బ్యాటరీలో రెండో ట్యాంకులో బ్రోమిన్, ఆ ఘాటు విషం, ఉంటుందని చదివి గుండె గుభేలుమంది. మర్నాడే ఇంకోటి చదివా, 2015కల్లా దాన్ని తీసేసి, పేరులో సైనైడ్ ఉన్నా అంత విషం కాని ఫెర్రోసైనైడ్ పెట్టారట, హమ్మయ్య. కానీ నీళ్లు మాత్రం కాస్టిక్ పొటాషే, పీహెచ్ 14, అంటే ఒళ్లు కాల్చే గాఢ క్షారం. బట్టలకి రంగులేసే డైహౌస్‌లో బతుకంతా కాస్టిక్ పక్కనే గడిపినవాణ్ణి, దాని సంగతి నాకు తెలుసు.

పెడన కలంకారీకి ఒకప్పుడు ఎరుపునిచ్చిన చిరివేరులో అలిజరిన్ అనే రంగు ఉంటుంది చూడు, నీ బ్యాటరీలో వాడే ఆంత్రాక్వినోన్లదీ (క్వినోన్లలో ఒక రకం) ఆ కుటుంబమే. బజార్లో రంగు ఉప్పు కలిపే అమ్ముతారు, శుభ్రం చేసుకో. పంపులూ గాస్కెట్లూ ముందు ఉత్త నీళ్లతో నడిపి లీకులు చూస్కో.

అసలు చెప్పాల్సింది ఇది. మా దగ్గర వ్యాట్ రంగులు (మామూలుగా నీళ్లలో కరగనివి) వేసేటప్పుడు కాస్టిక్‌లో హైడ్రోస్ అనే పొడి (సోడియం డైథయోనైట్) వేసి రంగుని కరిగించేవాళ్లం, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కించడమే, నువ్వు ఛార్జింగ్ అంటావు. ఒకసారి వరసగా బట్ట పాలిపోయి మచ్చలు మచ్చలుగా వస్తోంది. సూపర్‌వైజర్ గారు రంగుదే తప్పని తేల్చి డ్రమ్ములు వెనక్కి పంపించారు, కొత్త లాట్ తెప్పించారు, దానికీ అదే పాట, ఆయన సప్లయర్ మీద అరుపులు. తీరా చూస్తే హైడ్రోస్ డ్రమ్ము మూత సరిగ్గా పడట్లేదు, గాలి తగిలి సగం మందు అక్కడే చచ్చింది. నీ ట్యాంకులోనూ అంతే, ఛార్జయిన రంగుకి గాలి తగిలిందా, ఎక్కించిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ పట్టుకుపోతుంది, రెండు ట్యాంకుల లెక్క తప్పుతుంది, కెపాసిటీ పడిపోతే నువ్వు మాలిక్యూల్ చచ్చిపోయిందని పేపర్ రాసేస్తావు! ట్యాంకులోకి గాలి రాకుండా కాపాడే నైట్రోజన్ సిలిండర్ గేజ్ చూడకుండా రాత్రి ఇంటికెళ్లావని తెలిస్తే ఊరుకోను.

నిజంగా పాడయ్యేదీ ఉందిలే. ఫుల్ ఛార్జ్‌లో ఉంచితే డైహైడ్రాక్సీ ఆంత్రాక్వినోన్ కొంత ఆంత్రోన్ అనే పనికిరాని పదార్థంగా మారుతుంది, తమాషా ఏంటంటే డిశ్చార్జ్ చేసి గాలి ఊదితే దాంట్లో చాలావరకు మళ్లీ క్వినోన్ అవుతుందని 2019లో చూపించారు. అందుకే గాలి నువ్వు పెట్టినప్పుడే వెళ్లాలి, దానంతటది దూరకూడదు. ఇంకోటి, అరుగుదల ఒక్కో ఛార్జ్-డిశ్చార్జ్ సైకిల్‌కింత అని మాత్రమే రాయకు, రోజుకెంతో కూడా రాయి, ఇలాంటి రంగులు తిప్పినా తిప్పకపోయినా రోజులు గడిచేకొద్దీ పాడవుతాయి.

తిండి మానేసి ల్యాబ్‌లో కూర్చోకు బంగారం. కళ్లజోడు మాత్రం పక్కల నుంచి కూడా మూసుకునేదే కొనుక్కో, డబ్బులు నేను వేస్తా, కొన్నాక ఫోటో పెట్టు.

మీ పెదనాన్న