మీ ఊరి క్లబ్బు, ఐరోపా కప్పు: జర్మనీకి కొత్తగా వచ్చినవారి సందేహం

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు అడిగే సందేహాలలో వీసాకూ, ఆరోగ్య బీమాకూ, ఇంటి అద్దెకూ సంబంధం లేనిది ఒకటి ఉంది. బయెర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ క్లబ్బు ఐరోపా పోటీలో పెద్ద మ్యాచ్ గెలిచిన మరునాడు డోర్ట్‌మండ్‌లోనో, హాంబర్గ్‌లోనో ఉద్యోగం చేసే మన కుర్రవాడు ఆఫీసులో అందరికీ అభినందనలు చెబితే, సహోద్యోగులు పొడిగా తలూపి ఎవరి పనిలో వారు మునిగిపోతారు. జర్మన్ క్లబ్బు గెలిస్తే జర్మన్లకు సంతోషం ఉండదా అని అతడు ఆశ్చర్యపోతాడు. చాలామందికి నిజంగానే ఉండదు. జాతీయ జట్టు ఆడినప్పుడు దేశమంతా ఒకటవుతుంది గాని, క్లబ్బు గెలుపు ఆ ఊరిది, ఆ క్లబ్బు సభ్యులది మాత్రమే. కాబట్టి కొత్తగా వచ్చినవారికి నేను చెప్పేది ఒక్కటే: ముందు మీరు దిగిన ఊరి క్లబ్బు ఐరోపాలో ఏ సంవత్సరం ఏం సాధించిందో తెలుసుకోండి, ఆ తరువాతే ఫుట్‌బాల్ గురించి నోరు విప్పండి.

ఈ ఊరి మమకారానికి ఒక చట్రం కూడా ఉంది. ఐపీఎల్ జట్టుకు ఉన్నట్టు ఇక్కడి క్లబ్బుకు సాధారణంగా ఒక యజమాని ఉండడు. క్లబ్బు తన ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చుకున్నా, ఓట్లలో సగం కంటే కనీసం ఒకటి ఎక్కువ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్న నియమాన్ని 1998లో తెచ్చారు. బయెర్న్‌లో ఆడిడాస్, ఆడి, అలియాంజ్ సంస్థలకు తలా 8.33 శాతం వాటా ఉంటే, మిగిలిన 75 శాతం సభ్యుల సంఘానిదే. బేయర్ మందుల సంస్థ వెనుక ఉన్న లెవర్కూసెన్, ఫోక్స్‌వాగన్ వెనుక ఉన్న వోల్ఫ్స్‌బర్గ్ ఈ నియమానికి మినహాయింపులు. ఏటా రుసుము కట్టి సర్వసభ్య సమావేశంలో చేయెత్తి ఓటు వేసే మనిషి పక్క ఊరి విజయాన్ని తనదిగా భావించడు.

మనవాళ్ళు చాలామంది ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కలే స్థిరపడుతున్నారు కనుక ఆ ఊరితో మొదలుపెడతాను. నిజానికి జర్మన్ క్లబ్బుల ఐరోపా కథలలో నాకు అన్నిటికంటే నచ్చేదీ అదే. జర్మనీ అగ్ర లీగ్ బుండెస్‌లీగా ఇంకా పుట్టని 1960లో, పూర్తిస్థాయి వృత్తి ఆటగాళ్ళు కాని ఆ ఊరి ఐన్‌ట్రాఖ్ట్ జట్టు ఐరోపా అగ్ర కప్పు (నేటి ఛాంపియన్స్ లీగ్) సెమీఫైనల్‌లో స్కాట్లాండ్‌కు చెందిన రేంజర్స్‌ను రెండు మ్యాచులలో కలిపి 12-4తో ఓడించి, గ్లాస్గోలో లక్షా ఇరవై వేలకు పైగా జనం ముందు జరిగిన ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో 7-3తో ఓడిపోయింది. 1980లో యూఈఎఫ్ఏ కప్ (నేటి యూరోపా లీగ్, ఐరోపాలో రెండో స్థాయి పోటీ) సెమీఫైనల్‌కు చేరిన నాలుగు జట్లూ జర్మనీవే కాగా, చివరికి కప్పు ఫ్రాంక్‌ఫర్ట్‌కే దక్కింది. ఇక 2022లో, స్వదేశీ లీగ్‌లో పదకొండో స్థానంతో సరిపెట్టుకున్న అదే జట్టు యూరోపా లీగ్‌లో బార్సిలోనాను వారి సొంత మైదానంలో 3-2తో ఓడించింది. ఆ రాత్రి తెల్ల చొక్కాలు తొడుక్కున్న దాదాపు 30,000 మంది ఫ్రాంక్‌ఫర్ట్ అభిమానులతో ఆ స్టేడియం ఎవరిదో తెలియకుండా పోయింది. స్పెయిన్‌లోని సెవియాలో జరిగిన ఫైనల్‌లో ఎదురైంది మళ్ళీ రేంజర్సే. తేదీ కూడా 1960 ఫైనల్ జరిగిన మే 18. పెనాల్టీ షూటౌట్‌లో 5-4తో గెలిచి, పదకొండో స్థానపు జట్టు కప్పు విజేతగా నేరుగా ఛాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టింది. మీ ఇంటి యజమాని ఫ్రాంక్‌ఫర్ట్ పాతకాపు అయితే సెవియా గురించి ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఆ సాయంత్రానికి మీకు వేరే కాలక్షేపం అక్కరలేదు.

పశ్చిమ జర్మనీలోని రూర్ గనుల ప్రాంతంలో చదువుకునే విద్యార్థులు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ రైలులో అరగంట దూరం లోపే శత్రు శిబిరాలు ఉంటాయి. 1966లో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి, ఐరోపా స్థాయి కప్పు ఒకటి గెలిచిన తొలి జర్మన్ క్లబ్బుగా నిలిచినది డోర్ట్‌మండ్. 1997 మే 21న గెల్జెన్‌కిర్షెన్‌కు చెందిన షాల్కె మిలాన్‌లో ఇంటర్‌ను పెనాల్టీలలో ఓడించి యూఈఎఫ్ఏ కప్ తెచ్చుకుంటే, సరిగ్గా వారానికి డోర్ట్‌మండ్ మ్యూనిక్‌లో యువెంటస్‌ను 3-1తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలుచుకుంది. బొగ్గు గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్న నేలకు ఒకే వారంలో రెండు కప్పులు వచ్చినా, రెండు ఊళ్ళూ కలిసి పండుగ చేసుకున్నాయని అనుకోకండి. షాల్కె రంగైన నీలం కోటు వేసుకుని డోర్ట్‌మండ్ మ్యాచ్‌కు, డోర్ట్‌మండ్ రంగైన పసుపు కండువాతో గెల్జెన్‌కిర్షెన్‌కు వెళ్ళవద్దని నేను చెప్పేది హాస్యానికి కాదు.

బయెర్న్ మీద ఇతరులకు ఉన్న కినుకను కేవలం అసూయ అనుకుంటే పొరపాటు. ఆరుసార్లు, అంటే 1974, 1975, 1976, 2001, 2013, 2020 సంవత్సరాలలో ఐరోపా అగ్ర కప్పు గెలిచిన ఈ క్లబ్బు 2013 నుంచి 2023 వరకు వరుసగా 11 సార్లు బుండెస్‌లీగాను కూడా చేజిక్కించుకుంది. ఆ బలంలో కొంత పోటీ జట్ల నుంచి తెచ్చుకున్నదే. 2013లో డోర్ట్‌మండ్ ఆటగాడు గ్యోట్సె బయెర్న్‌కు వెళుతున్నాడన్న వార్త రియల్ మాడ్రిడ్‌తో సెమీఫైనల్ ఆడబోతున్న సమయంలో బయటపడింది. ఆ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టిన లెవండోస్కీ కూడా మరుసటి ఏడాది అదే దారి పట్టాడు. 2013లోనే లండన్‌లోని వెంబ్లీలో రెండు జర్మన్ క్లబ్బుల మధ్యనే జరిగిన ఫైనల్‌లో 89వ నిమిషంలో రాబెన్ గోల్‌తో బయెర్న్ గెలిచింది. దేశం గర్వించవలసిన రాత్రి అని మనకు అనిపించవచ్చు గాని, డోర్ట్‌మండ్‌లో అలా అనిపించినవారు నాకు కనబడలేదు. మ్యూనిక్‌కు వెళ్ళేవారికి కూడా ఒక మాట: ఆరు కప్పుల గురించి ఎంతైనా మాట్లాడండి గాని, 90 నిమిషాలు ముగిశాక కలిపిన కొద్ది నిమిషాలలో రెండు గోల్స్ ఇచ్చుకున్న 1999 ఫైనల్‌నూ, సొంత మైదానంలో చెల్సీ చేతిలో పెనాల్టీలలో ఓడిన 2012 ఫైనల్‌నూ పరిచయమైన మొదటి వారంలోనే కదపకండి.

తూర్పు ప్రాంతాలకు వెళ్ళేవారికి ఈ చరిత్రను ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మన విద్యార్థులు చేరే విశ్వవిద్యాలయం ఉన్న మాగ్డెబర్గ్ 1974 మే 8న రోటర్‌డామ్‌లో ఏసీ మిలాన్‌ను 2-0తో ఓడించి కప్ విన్నర్స్ కప్ (ఆయా దేశాల కప్పులు గెలిచిన జట్ల ఐరోపా పోటీ) గెలిచింది. తూర్పు జర్మనీకి దక్కిన ఏకైక ఐరోపా క్లబ్బు కప్పు అదే. తొమ్మిది రోజుల తరువాత పశ్చిమాన బయెర్న్ తన మొదటి ఐరోపా అగ్ర కప్పు అందుకుంది. ఆ శరదృతువులో ఈ రెండు విజేతలూ ఎదురుపడగా రెండు మ్యాచులలోనూ బయెర్న్ నెగ్గింది. లైప్‌జిగ్‌లో ఉద్యోగం వచ్చినవారు ఆర్‌బీ జట్టును పొగిడే ముందు కాస్త ఆగండి. అది రెడ్ బుల్ సంస్థ 2009లో నెలకొల్పినది; 2020లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్ళినా, యాభై దాటిన సహోద్యోగి తలచుకునేది 1987లో లోకోమోటివ్ లైప్‌జిగ్ గోల్‌కీపర్ రెనె ముల్లర్ ఫ్రాన్స్ క్లబ్బు బోర్దోతో కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్ షూటౌట్‌లో నిర్ణయాత్మక పెనాల్టీని తానే కొట్టి జట్టును ఫైనల్‌కు చేర్చిన రాత్రినే కావచ్చు.

ఒక క్లబ్బు గెలుపు మరొక క్లబ్బుకు ఏమాత్రం పనికిరాదని కూడా కాదు. ఒక దేశపు క్లబ్బులన్నిటి ఫలితాలనూ కలిపి లెక్కగట్టి, బాగా ఆడిన దేశాలకు ఛాంపియన్స్ లీగ్‌లో అదనపు స్థానం ఇస్తారు. 2023-24లో డోర్ట్‌మండ్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కూ, లెవర్కూసెన్ యూరోపా లీగ్ ఫైనల్‌కూ చేరిన ఆ సీజన్ ఫలితాల వల్ల జర్మనీకి ఛాంపియన్స్ లీగ్‌లో ఐదో జట్టుకు చోటు లభించింది. బుండెస్‌లీగాలో ఐదో స్థానంలో నిలిచిన డోర్ట్‌మండ్‌కే ఆ లాభం దక్కింది. ఇంత జరిగినా పక్క ఊరి కోసం చప్పట్లు కొట్టేవారు అరుదే.

ఇక మ్యాచ్ చూడాలనుకునేవారికి. పెద్ద క్లబ్బుల ఐరోపా మ్యాచ్ టికెట్లు ముందుగా సభ్యులకే అందుతాయి కాబట్టి, ఆ ఊరిలో కొన్నేళ్ళు ఉండదలచినవారు సభ్యత్వం తీసుకోవడమే మేలు. ఐరోపా పోటీలలో స్టేడియానికి ప్రాయోజక సంస్థ పేరు వాడనివ్వరు గనుక, టికెట్టు మీద మీకు తెలిసిన పేరు కాక వేరే పేరు ఉంటే కంగారుపడి వేరే చోటికి వెళ్ళకండి. ఎ4 కాగితం కంటే పెద్ద సంచిని చాలా స్టేడియాలలో లోపలికి రానివ్వరు. ల్యాప్‌టాప్ సంచితో ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళేవారు ఇక్కడే చిక్కుకుంటారు. మ్యాచ్ రాత్రి 9 గంటలకు మొదలైతే ముగిసేసరికి 11 అవుతుంది, షూటౌట్ దాకా వెళితే అర్ధరాత్రి. తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి.

టికెట్టు దొరకనివారు, చిన్నపిల్లలున్నవారు మహిళల జట్లను చూడవచ్చు. పేరుప్రతిష్ఠలలో అవి రెండో తరగతివి కావు. నేడు ఐన్‌ట్రాఖ్ట్‌లో కలిసిపోయిన ఫ్రాంక్‌ఫర్ట్ మహిళల క్లబ్బు నాలుగుసార్లు, పోట్స్‌డామ్ రెండుసార్లు, డ్యూయిస్‌బర్గ్ ఒకసారి, వోల్ఫ్స్‌బర్గ్ 2013లోనూ 2014లోనూ ఐరోపా కప్పు గెలిచాయి. వోల్ఫ్స్‌బర్గ్ కార్ల కర్మాగారంలో చేరే మన ఇంజనీర్లు ఆఫీసులో మాట కలపడానికి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే ఆ ఊరికి ఐరోపా కప్పు తెచ్చింది పురుషులు కాదు, మహిళలే.