చీరల గ్రూపుకి తాళం వేసేయమంటారా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది మంగళగిరి. మా మామయ్యగారు గుంట మగ్గం మీద నేస్తారు. ఆయన నేసినవీ, మా వీధిలో ఇంకో ఆరు మగ్గాల వాళ్లవీ తీసుకుని నేను వాట్సాప్‌లో అమ్ముతాను. 2020లో లాక్‌డౌన్ అప్పుడు ఇరవై మందితో గ్రూపు పెట్టాను, గ్రూపు లింకు ఇన్‌స్టా బయోలోనూ ఫేస్‌బుక్ పేజీలోనూ ఉంది, ఇప్పుడు 640 మంది ఉన్నారు. ఫొటో పెట్టగానే "బుక్డ్" అని ముందు ఎవరు కొడితే చీర వాళ్లది. అమ్మకాలు ఒక ఎత్తు, అక్కడి కబుర్లు ఇంకో ఎత్తు. నిజాం అంచు చీరకి ఏ బ్లౌజు వేసుకోవాలని ఒకరడిగితే పదిమంది ఫొటోలు పెట్టేవాళ్లు, రంగు దిగుతోందని ఒకరంటే మొదటిసారి ఉప్పునీళ్లలో ముంచి తీయమని ఇంకొకరు చెప్పేవాళ్లు, నేను వంటింట్లో ఉన్నా వ్యాపారం దానంతటదే నడిచేది.

ఆర్నెల్లుగా మాత్రం నిద్ర లేదు. మొదట పార్ట్‌టైమ్ ఉద్యోగాలు, లోన్ యాప్‌ల మెసేజ్‌లు వచ్చాయి, తర్వాత ఒకరోజు అర్ధరాత్రి అసభ్యమైన వీడియోలు. తీసేస్తే ఇంకో నంబర్‌తో వస్తారు. పోయిన నెల ఎవడో మా షాపు పేరూ, మా లోగోనే డీపీగా పెట్టుకుని, గ్రూపులో ఉన్నవాళ్లకి విడివిడిగా "మేడమ్, పాత నంబర్‌కి బ్యాంకు ప్రాబ్లం వచ్చింది, పేమెంట్ దీనికి చేయండి" అని పంపాడు. ముగ్గురు చేసేశారు. మొత్తం 7,850 రూపాయలు. ఇప్పుడు వాళ్లు నన్ను అడుగుతున్నారు. మా మరిది "మూసి పారెయ్ వదినా" అంటున్నాడు. పండగ సీజన్ ముందు మూసేస్తే నేనేం కావాలి? ఆ డబ్బు నేనే కట్టాలా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: మూసేయండి. మీ మరిది మాటే నాదీనూ, కాకపోతే ఎలా మూయాలన్న దగ్గర ఆయన చెప్పినట్టు చేస్తే కొంప మునుగుతుంది. గ్రూపులో అడ్మిన్ మీరొక్కరే అయ్యుండి విసుగొచ్చి ఎగ్జిట్ నొక్కారనుకోండి, గ్రూపు పోదు, ఉన్నవాళ్లలో ఎవరో ఒకరిని వాట్సాప్ తనంతట తానే అడ్మిన్‌ని చేసేస్తుంది. ఆ ఎవరో ఒకరు వాడే అయితే? మీ షాపు పేరుతో, మీ 640 మందితో నడుస్తున్న గ్రూపు వాడి చేతిలో పెట్టి మీరు బయటికొచ్చినట్టు!

ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం. మీరు ఉత్తరం చివర "మా ఫోన్ హ్యాక్ అయిందంటారా" అని కూడా అడిగారు (చోటు చాలక అచ్చు వేయలేదు). మీరు చెప్పినదాన్ని బట్టి వాడికి మీ ఫోన్‌తో పనే పడలేదు. గ్రూపులోకి వచ్చిన ప్రతివాడికీ మిగతా అందరి నంబర్లూ కనిపిస్తాయి, వాడికి కావలసింది అదే. ఆన్‌లైన్‌లో చీర కొనే అలవాటున్నవాళ్లు, ఫొటో చూసి ముందే డబ్బు పంపేవాళ్లు, మీ షాపంటే నమ్మకం ఉన్నవాళ్లు, ఇలా ఏరి కూర్చిన 640 నంబర్లు వాడికి ఇంకెక్కడ దొరుకుతాయి చెప్పండి. దానికితోడు ఆ "బుక్డ్" ఒకటి! ఎవరు ఏ చీర తీసుకున్నారో, ఇంకో పది నిమిషాల్లో ఎవరు డబ్బు పంపబోతున్నారో మన గ్రూపే వాడికి చెప్పేస్తోంది. ఆ పది నిమిషాల్లో వాడు మీకంటే ముందు మెసేజ్ కొట్టాడు, అంతే. మోసపోయిన ముగ్గురినీ అడిగి చూడండి, బహుశా ముగ్గురూ అప్పుడే బుక్ చేసినవాళ్లే అయ్యుంటారు.

వాడు లోపలికెలా వచ్చాడంటారా, మీరే పిలిచారు, కోపం తెచ్చుకోకండి. గ్రూపు లింకు ఇన్‌స్టా బయోలోనూ ఫేస్‌బుక్ పేజీలోనూ ఉందని రాశారు కదా. లింకుందంటే తలుపు తీసి ఉన్నట్టే. 2020 ఫిబ్రవరిలోనే వాట్సాప్ గ్రూపుల లింకులు గూగుల్‌లో వెతికితే దొరుకుతున్నాయని పెద్ద గొడవ అయింది, జనం ఎక్కడో బయట పెట్టుకున్న లింకులే అవి. ఒకణ్ని తీసేస్తే ఇంకో నంబర్‌తో వస్తున్నాడంటే వాడి దగ్గర ఆ లింకు ఇంకా పనిచేస్తోందన్నమాట.

కాబట్టి ఈ ఉత్తరం చదవగానే చేయాల్సిన మొదటి పని లింకు రీసెట్. పాతది చచ్చిపోతుంది. తర్వాత గ్రూపు సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి, కొత్తవాళ్లు రావాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలన్న ఆప్షన్ కూడా ఆన్ చేయండి. అయిదు నిమిషాల పని. ఇక వాడు గ్రూపులో నోరెత్తలేడు. కానీ నంబర్లు ఈపాటికే రాసుకుని ఉంటాడు, అందుకే ఇంత చేసినా సరిపోదంటున్నాను.

సాక్ష్యం పోగొట్టుకోకండి. విసుగులో అందరం చేసే తప్పే ఇది, పాడు మెసేజ్‌లన్నీ డిలీట్ కొట్టి చేతులు కడుక్కుంటాం. వాడి నంబరూ, డీపీ, మెసేజ్‌లూ, ఆ ముగ్గురు డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లూ అన్నీ దాచి, ఆ తర్వాతే ఊడవండి. ఆ దొంగ నంబర్‌ని వాట్సాప్‌లో రిపోర్ట్ చేయమని మీ కస్టమర్లకు కూడా చెప్పండి.

అప్పుడు గ్రూపులో ఒక నోటీసు పెట్టండి, తెలుగులో, సూటిగా. మన పేరుతో మోసం జరిగింది, మా నంబర్ ఇదొక్కటే, మా యూపీఐ ఐడీ ఇది, డబ్బు పంపేముందు స్క్రీన్ మీద ఫలానా పేరు కనిపించాలి, వేరే పేరు కనిపిస్తే పంపకండి, ఈ నంబర్ మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఫలానా తేదీకి గ్రూపు మూసేస్తున్నాం. చాలామంది షాపువాళ్లు ఇలా చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, పేరు పోతుందేమోనని. చెప్పకపోతే నాలుగో మనిషి మోసపోతుంది, అప్పుడు నిజంగానే పోతుంది పేరు. నోటీసు ఓ రెండు మూడు వారాలు ఉండనివ్వండి, రోజూ వాట్సాప్ చూడని వాళ్లుంటారు. గడువయ్యాక అందర్నీ తీసేసి, చివర మీరు బయటికి రండి. 640 మందిని ఒక్కొక్కరినీ తీయడం విసుగే, ఎవరైనా కుర్రాళ్లకి అప్పజెప్పండి. మీ మరిది ఉన్నాడుగా!

మరి అమ్మకాలు? స్టాక్ ఫొటోలకి వాట్సాప్ చానెల్ పెట్టుకోండి. అందులో చేరినవాళ్లకి ఒకరి నంబర్ ఒకరికి కనిపించదు, ఎవరూ మధ్యలో దూరి ఏదీ పోస్ట్ చేయలేరు. చీర కావాలంటే నేరుగా మీ నంబర్‌కే మెసేజ్ పెడతారు. "బుక్డ్" అన్న మాట మీకూ ఆవిడకీ తప్ప మూడోవాడికి కనపడదు. పాత కస్టమర్లకి బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లేది) కూడా పెట్టుకోవచ్చు, ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, అయితే మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. ఇది ఇబ్బందిలా కనిపిస్తుంది గానీ నాకు లాభంగానే తోస్తోంది. మీ నంబర్ సేవ్ చేసుకున్నావిడకి దొంగ నంబర్ నుంచి మెసేజ్ వస్తే ముక్కూమొహం తెలియని నంబర్‌లాగే కనిపిస్తుంది, అక్కడే అనుమానం వస్తుంది.

ఒక్కటి మాత్రం మీకు తిరిగి రాదు, దాన్ని దాచి లాభం లేదు. చానెల్‌లో బ్లౌజు ముచ్చట్లుండవు, ఉప్పునీళ్ల చిట్కాలుండవు. మీ తరఫున పదిమంది జవాబు చెప్పిన రోజులు అయిపోయాయి, అవన్నీ ఇక మీరే చెప్పుకోవాలి. మరీ దిగులనిపిస్తే మొదటినుంచీ ఉన్న ఆ ఇరవై మందితో, మొహం తెలిసినవాళ్లతో మాత్రమే, లింకు లేకుండా మీరే చేర్చుకుంటూ చిన్న గ్రూపు ఉంచుకోండి. అందులో అమ్మకం పెట్టకండి.

ఇక డబ్బు సంగతి. ఆ 7,850 మీ ఖాతాలో పడలేదు, మోసం చేసింది మీరు కాదు. అది మీరు కట్టాల్సిన బాకీ అని నేననుకోను. అలాగని "చూసుకోకుండా పంపింది మీరే కదండీ" అని మాత్రం అనకండి, మీ పేరు చూసే వాళ్లు పంపారు. వాళ్లచేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎవరి డబ్బు పోయిందో వాళ్లే చేయాలి, బ్యాంకు పేరు, యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోవాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. నెల అయిపోయింది కాబట్టి డబ్బు వెనక్కి వస్తుందని ఆశ పెట్టను, ఈ దొంగలు ఖాతా నుంచి ఖాతాకి గంటల్లో తిప్పేస్తారు, అందుకే మొదటి గంటల్లో చేసిన ఫోనుకే విలువ. అయినా ఫిర్యాదు ఉండాలి. మీరు కూడా విడిగా ఇవ్వండి, మీ షాపులా నటించి మోసం చేయడం ఐటీ చట్టం 66డి కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ ముగ్గురికీ తర్వాతి చీర అసలు ధరకి ఇస్తే బాగుంటుందని నా మనసుకి అనిపిస్తోంది, మీ ఇష్టం.

ప్రశ్న: మాది రాజమండ్రిలో చిన్న పచ్చళ్ల వ్యాపారం. మా కస్టమర్ల గ్రూపులో ఎవరో ఒక మతాన్ని తిడుతూ వీడియో పెట్టారు, నేను పొద్దున్నే చూసి తీసేశాను. "అడ్మిన్ మీదే కేసవుతుంది, జైలుకెళ్తావ్" అని మా బావగారు భయపెడుతున్నారు. బీపీ పెరిగిపోతోంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బావగారికి నమస్కారం చెప్పండి, ఆయన పాత భయంలోనే ఉన్నారు. ఎవరో పెట్టినదానికి అడ్మిన్ అయిన పాపానికి నేరం అంటగట్టలేమని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021 మార్చిలో చెప్పింది. పెట్టినవాడూ అడ్మినూ కలిసి అనుకుని చేశారని తేలితే తప్ప అడ్మిన్ బాధ్యుడు కాదు, ఎందుకంటే మెసేజ్ పడకముందే ఆపే శక్తి అడ్మిన్‌కి లేదు కదా. 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు కూడా దాదాపు ఇదే చెప్పింది. అవి వేరే రాష్ట్రాల కోర్టులు, మన దగ్గర పోలీసులు పిలిచి అడగరని దీనర్థం కాదు. చూసిన వెంటనే తీశారు, పెట్టినవాణ్ని కూడా తీసేయండి, తీసిన టైము తెలిసే స్క్రీన్‌షాట్ ఉంటే దాచుకోండి. రాత్రి పది దాటాక మెసేజ్‌లు అడ్మిన్లకే అని సెట్ చేసి పడుకోండి, పొద్దున్నే తెరవొచ్చు. ఆవకాయ గురించి రాత్రి రెండింటికి ఎవరూ అడగరు.

ప్రశ్న: కరీంనగర్‌లో నాది టైలరింగ్ షాపు. కొరియర్ వాళ్లమని ఫోన్ చేసి, డెలివరీ బాయ్ నంబర్ కలపాలి, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబర్ డయల్ చేయమన్నారు. చేశాను. అరగంటలో నా వాట్సాప్ పోయింది, నా పేరుతో కస్టమర్లను పదివేలు అప్పు అడుగుతున్నారు. మా గ్రూపు కూడా వాళ్ల చేతిలోనే ఉంది.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు కొట్టింది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. మీకు రావలసిన ఫోన్లు వాడికి వెళ్లాయి, వాట్సాప్ వాళ్లు ఓటీపీని ఫోన్ చేసి కూడా చెబుతారు, ఆ ఫోను వాడెత్తాడు. ఇలాంటి మోసాల వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి ఈ కోడ్‌లతో ఫార్వర్డింగ్ ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది, అయినా మీ ఫోన్ సంగతి మీరు చూసుకోండి. ముందు హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ డయల్ చేయండి, ఉన్న ఫార్వర్డింగ్‌లన్నీ పోతాయి. ఇది చేయకుండా మిగతావి చేసి లాభం లేదు, కొత్త ఓటీపీ కూడా వాడికే వెళ్తుంది. తర్వాత మీ నంబర్‌తోనే మళ్లీ వాట్సాప్‌లోకి లాగిన్ అవ్వండి, ఎస్ఎంఎస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. మీకు తెలియని పిన్ ఏదో అడిగితే కంగారుపడకండి, వాడు పెట్టినది అది. పిన్ లేకుండా లోపలికి వెళ్లడానికి ఏడు రోజులు ఆగాలి, కానీ ఎస్ఎంఎస్ కోడ్ కొట్టారు కాబట్టి ఆ ఏడు రోజులూ వాడూ లోపల ఉండడు.

ఈలోపు కూర్చోకండి. పక్కింటి వాళ్ల ఫోన్ నుంచైనా కస్టమర్లకు ఫోన్ చేసి చెప్పండి, షాపు తలుపు మీద కాగితం అంటించండి, ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే 1930. మీరు లోపలికి వెళ్లాక గ్రూపులో అడ్మిన్లు ఎవరెవరున్నారో చూడండి, వాడు తన ఇంకో నంబర్‌ని అడ్మిన్ చేసుకుని ఉండొచ్చు. లింక్డ్ డివైసెస్‌లో మీది కానిది ఏదున్నా లాగౌట్ చేసి, టూ స్టెప్ వెరిఫికేషన్‌లో మీదైన ఆరంకెల పిన్ పెట్టుకోండి. మా ఆడపడుచు ఈ పిన్ పెట్టుకోమంటే ఏడాదిపాటు రేపు రేపు అంది, చివరికి శుభలేఖ అని వచ్చిన ఫైల్ నొక్కి పదకొండు వేలు పోగొట్టుకుంది. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి, అది వేరే మోసం, ఫోన్‌లో యాప్ దిగి ఎస్ఎంఎస్‌లు చదివేసే రకం. కానీ ఆ రోజు సాయంత్రమే ఇంట్లో అందరి ఫోన్లలోనూ కూర్చుని పిన్ పెట్టించింది తనే. మీరు ఫోన్ చేతిలో పట్టుకునే ఇది చదువుతుంటే ఆ హ్యాష్ హ్యాష్ 002 ఇప్పుడే కొట్టేయండి.