క్యారవాన్ కొనొద్దు, సెప్టెంబర్‌లో అద్దెకు తీసుకోండి

ప్రశ్న: నేను హనుమకొండలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. వయసు 63, మా ఆవిడకు 58. పెన్షన్ నెలకు 58 వేలు. సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 10 లక్షలు వేసి రెండున్నరేళ్లయింది. బ్యాంకు ఎఫ్‌డీల్లో మరో 12 లక్షలున్నాయి. అబ్బాయి ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఇంజినీరు, పెళ్లి కాలేదు. ఫ్రాన్స్ పల్లెల్లో క్యారవాన్‌లో నిదానంగా తిరగాలని మా ఇద్దరికీ ఎప్పటినుంచో కోరిక. వచ్చే జూలైలో రమ్మంటున్నాడు. 20 వేల యూరోలకు పాత బండి దొరుకుతోందట. సగం తను పెడతాడట, సగం మమ్మల్ని పెట్టమంటున్నాడు. తిరిగాక అమ్మేద్దాం అంటున్నాడు. సీనియర్ సిటిజన్ ఖాతా మూసి ఇవ్వమంటారా?

జవాబు: సార్, ఆ ఖాతా ముట్టుకోకండి. ప్రయాణం మాత్రం మానుకోకండి. ఈ రెండూ కలిసి కుదురుతాయి.

ముందు ఖాతా సంగతి. రెండేళ్లు దాటాక గడువుకు ముందే మూస్తే అసలులో 1 శాతం, అంటే 10 వేలు కోస్తారు. అది పెద్ద నష్టం కాదు. మీకు మూడు నెలలకోసారి వచ్చే 20,500 వడ్డీ ఆగిపోవడమే అసలు నష్టం. మిగిలిన రెండున్నరేళ్లకు అది 2 లక్షల 5 వేలు. మీరు కొన్న 8.2 శాతం రేటు ఐదేళ్లూ మారదు. ఒకసారి మూస్తే మళ్లీ అదే రేటు దొరుకుతుందన్న హామీ లేదు.

పైగా యూరోకు 105 రూపాయలు లెక్కేసినా మీ వంతు పదిన్నర లక్షలు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి బయటికి పంపితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. ఆ తర్వాత అదే ఏడాది మీ ఖర్చులకు ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బుకూ ఇదే వర్తిస్తుంది. రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, అన్నాళ్లు డబ్బు ఇరుక్కుపోతుంది.

ఇక బండి. ఇంజిను, వంటగది, పడకలు అన్నీ ఒకే బండిలో ఉండే క్యారవాన్‌ను అక్కడ ‘కాంపింగ్ కార్’ అంటారు. పాతవాటికి వచ్చే పెద్ద జబ్బు చెమ్మ. పైకప్పు అతుకుల్లోంచి నీళ్లు దిగి లోపలి చెక్క కుళ్లిపోతుంది. నాలుగేళ్లు దాటిన బండిని అమ్మేవాళ్లు ఆరు నెలల్లోపు చేయించిన సాంకేతిక తనిఖీ పత్రం ఇవ్వాలి. కానీ ఆ తనిఖీ బ్రేకులు, చక్రాలు, పొగ లాంటివి చూస్తుంది, గోడల్లో చెమ్మ చూడదు. రిజిస్ట్రేషన్, ఏడాది ఇన్సూరెన్సు మీ అబ్బాయి పేరు మీదే పడతాయి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మూడు మీటర్ల ఎత్తు బండి సెల్లార్‌లోకి దూరదు, బయట చోటుకు అద్దె కట్టాలి. ‘అమ్మేద్దాం’ అన్న మాట మీద నాకు నమ్మకం తక్కువ. అక్టోబర్ దాటాక అలాంటి బండి కోసం వచ్చేవాళ్లు తగ్గిపోతారు. అప్పటికి మీరు ఇక్కడ ఉంటారు, అమ్మే టెన్షన్ అంతా ఒక్కడి మీద పడుతుంది.

అద్దెకు తీసుకుంటే? జూలై, ఆగస్టు నెలల్లో ఫ్రాన్స్ మొత్తం సెలవుల్లో ఉంటుంది, అద్దెలు ఎక్కువ, క్యాంపులు కిటకిట. సెప్టెంబర్ మొదట్లో బడులు తెరవగానే ధరలు దిగుతాయి. రోజుకు 100 యూరోలు వేసుకుందాం. మూడు వారాలకు 2,100 యూరోలు, 2 లక్షల 20 వేలు. అబ్బాయి బండికోసం పెడతానన్న 10 వేల యూరోల్లో ఇది ఐదో వంతు. అందుకే నా సలహా: అద్దె, డీజిల్, క్యాంపు రుసుములు తననే భరించమనండి. జీతం యూరోల్లో వస్తుంది, ఖర్చు యూరోల్లో అవుతుంది, మధ్యలో రూపాయి మార్పిడి ఉండదు. బండి ఇచ్చేటప్పుడు వేల యూరోల డిపాజిట్ క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచుతారు. నా దగ్గరికి వచ్చే ఒక దంపతులు డెబిట్ కార్డు చూపించి, అక్కడి కౌంటర్ దగ్గర సగం రోజు నిలబడ్డారు. అబ్బాయి కార్డయితే ఆ ఇబ్బంది రాదు.

మీరడిగిన ‘నిదానంగా’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. క్యారవాన్ ప్రయాణంలో డబ్బు కిలోమీటర్లకే పోతుంది. ఈ బండ్లు వంద కిలోమీటర్లకు 10, 12 లీటర్లు తాగుతాయి. ఎత్తు రెండు మీటర్లు దాటితే టోల్‌లో కారు కంటే పై తరగతి. పారిస్, ఆల్ప్స్, నీస్ అన్నీ చుట్టేద్దాం అనుకుంటే అద్దె కంటే దారి ఖర్చు భయపెడుతుంది. టులూజ్ చుట్టుపక్కలే ఉండండి. ఆల్బి 75 కిలోమీటర్లు, అక్కడ ఎర్ర ఇటుకల కెథెడ్రల్ ఉంది. అక్కడి నుంచి కొండమీది కోర్డ్, ఆవెరోన్ నది ఒడ్డున సాంతోనాన్, లోట్ నది వంపులో కావోర్, ఆపైన సార్లా. ఒక చోటి నుంచి మరో చోటికి చాలావరకు గంట, గంటన్నర దారి. హైవే ఎక్కాల్సిన పనే లేదు. ఊరికి మూడు నాలుగు రాత్రులు ఉంటే, వెనక్కి రావడంతో కలిపి 900 కిలోమీటర్లు దాటదు. డీజిల్ 20 వేల రూపాయల లోపే. సాంతోనాన్‌లో ఆదివారం సంత, సార్లాలో బుధ, శనివారాలు. సంత రోజును బట్టి మకాం మార్చుకుంటే చాలు.

రాత్రి బసకు ఊరి పంచాయతీలే నడిపే క్యాంపులున్నాయి. ముగ్గురికి కరెంటుతో కలిపి 25 యూరోలు అనుకోండి. వాటిలో కొన్ని సెప్టెంబర్ మధ్యలోనే మూసేస్తారు, తేదీలు ముందే చూడమనండి. ‘ఫ్రాన్స్ పాసియోన్’ అని ఒక ఏర్పాటుంది. ఏడాదికి చిన్న చందా కడితే రైతులు, ద్రాక్షతోటల వాళ్లు తమ స్థలంలో ఒక రాత్రి ఉచితంగా ఆపుకోనిస్తారు. బండిలో సొంత టాయిలెట్, మురుగునీటి ట్యాంకు ఉండాలి. ఏదీ కొనాలన్న నియమం లేదు. అయినా వాళ్ల వాల్‌నట్లు, మేక పాల జున్ను కొనండి. సెప్టెంబర్‌లో ద్రాక్ష కోతలు చూడటం కోసమైనా రెండు మూడు రాత్రులు అలా ఉండాలి.

మీ వంతు ఇంతే: టికెట్లు ఇద్దరికీ 1 లక్షా 30 వేలు, వీసా, ఇన్సూరెన్సు 35 వేలు, వంట సరుకులు 77 వేలు, చేతిలో అదనంగా 60 వేలు. కలిపితే 3 లక్షల చిల్లర. ఇప్పటినుంచి నెలకు 15 వేలు పక్కన పెడితే పది నెలల్లో లక్షన్నర. మిగతాది ఎఫ్‌డీ నుంచి తీయండి. పదిన్నర లక్షలు మిగులుతాయి, అందులో 6 లక్షలు ఆసుపత్రి అవసరాలకని విడిగా రాసి ఉంచండి.

ఫ్రాన్స్‌కు కావాల్సిన షెంగెన్ వీసా రుసుము మనిషికి 90 యూరోలు, 2024 జూన్ నుంచి. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ ఇవ్వరు. అబ్బాయి ఇంట్లోనూ ఉంటారు కాబట్టి అక్కడి మేయర్ ఆఫీసులో 30 యూరోల స్టాంపుతో, మీకు తన ఇంట్లో బస ఇస్తానని చెప్పే ఆతిథ్య పత్రం తను తీసుకోవాలి. అది చేతికి రావడానికి టైం పడుతుంది. వీసా వచ్చేదాకా రద్దుకు వీలున్న టికెట్లే కొనండి.

స్టీరింగ్ అబ్బాయికే వదిలేయండి. ఫ్రెంచ్ లైసెన్సు ఉందో లేదో ఇప్పుడే అడగండి. కుడివైపు నడిచే ఇరుకు రోడ్ల మీద మూడున్నర టన్నుల బండి మీకు కొత్త. అక్కడ ఉద్యోగులకు చట్టప్రకారం ఏడాదికి ఐదు వారాల సెలవుంటుంది. మూడు వారాలు సెప్టెంబర్‌కు దాచుకోమనండి.

మేడమ్‌కు ఒక మాట చెప్పండి. నెయ్యి, పాలకోవా యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. కందిపొడి, ఆవకాయ గట్టిగా ప్యాక్ చేయించుకోండి. బియ్యం అక్కడే దొరుకుతాయి, బండిలో రెండు పొయ్యిలుంటాయి.